ఫెయిర్‌ఫాక్స్‌లో 1861 జూన్ 1 తెల్లవారుజామున జరిగిన కాల్పులు: కెప్టెన్ మార్‌ని నిజంగా ఎవరు కాల్చారు?

ఓక్టన్_వాసి:
అందరికీ నమస్కారం. ఉత్తర వర్జీనియాలో ఓక్టన్‌లో ఉంటాను, వచ్చి పదకొండేళ్ళయింది. మా అమ్మాయికి స్కూల్లో మనూరి చరిత్ర మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, అమెరికా సివిల్ వార్‌లో మన చుట్టుపక్కల జరిగిందేదైనా తీసుకో అన్నారంట. అందరూ మనాసస్ యుద్ధం తీసుకుంటున్నారు, నేను వేరేది చేస్తా అని పట్టుబట్టింది. వెతుకుతుంటే ఫెయిర్‌ఫాక్స్ పాత కోర్టు బిల్డింగ్ దగ్గర 1861 జూన్ 1న జరిగిన చిన్న పోరాటం ఒకటి కనిపించింది. నేను ఆ కోర్టు ముందు నుంచి కనీసం వందసార్లు వెళ్ళుంటా, ఒక్కసారి కూడా తెలీలేదు, నిజంగా బాధేసింది.

నాకర్థమైంది ఏంటంటే రాత్రి మూడింటికి యూనియన్ (ఉత్తరాది) గుర్రపు దళం ఊళ్ళోకి దూసుకొచ్చింది, దక్షిణాది వాళ్ళ తరఫున జాన్ క్విన్సీ మార్ అనే కెప్టెన్ చనిపోయాడు, సివిల్ వార్‌లో పోరాటంలో చనిపోయిన మొదటి కాన్ఫెడరేట్ (దక్షిణాది) ఆఫీసర్ ఆయనే. ఇంతవరకూ ఓకే. కానీ దాడి చేసిన లెఫ్టినెంట్ చార్లెస్ టాంప్‌కిన్స్‌కి మెడల్ ఆఫ్ ఆనర్ (అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం) ఇచ్చారు, అందులో ఏం రాశారంటే శత్రువుల వరసల్లోంచి రెండుసార్లు దూసుకెళ్ళాడు, ఒక సైనికుడి చేతిలోంచి కార్బైన్ (పొట్టి తుపాకీ) తీసుకుని శత్రు కెప్టెన్‌ని కాల్చాడు అని. ఇంకోచోట చదివితే మార్ చనిపోయిన సంగతి తెల్లారేదాకా సొంత మనుషులకే తెలీదు అనుంది. సొంతవాళ్ళకే కనిపించని మనిషిని ఆ చీకట్లో ఎదుటివాడు కెప్టెన్ అని గుర్తుపట్టి ఎలా కాల్చాడు? మా అమ్మాయి కూడా ఇదే అడిగింది, నా దగ్గర సమాధానం లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

వారెంటన్_రోడ్డు:
ఓక్టన్ గారూ, చాలా మంచి టాపిక్ ఎత్తారు, మీ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. ముందు మీకో సంగతి, మీరుండే ఓక్టన్‌నే అప్పట్లో ఫ్లింట్ హిల్ అనేవాళ్ళు. టాంప్‌కిన్స్ దళం ఆ తెల్లవారుజామున వెనక్కి తిరిగి పొలాలకి అడ్డంపడి వెళ్ళింది అటుగానే. అంటే మీ అమ్మాయి కథ మీ ఇంటి దగ్గరే ముగుస్తుంది.

ఇక వరసగా చెప్తా, కొంచెం పొడుగవుతుంది. 1861 మే 23న వర్జీనియా ఓటర్లు అమెరికా నుంచి విడిపోదాం అని ఓటేశారు. మర్నాడు తెల్లారేసరికి యూనియన్ సైన్యం పోటోమాక్ దాటొచ్చి అలెగ్జాండ్రియానీ ఆర్లింగ్టన్ కొండల్నీ పట్టుకుంది, ఆ రోజే అలెగ్జాండ్రియాలో హోటల్ మీద దక్షిణాది జెండా దింపినందుకు యూనియన్ కర్నల్ ఎల్స్‌వర్త్‌ని హోటల్ యజమాని కాల్చి చంపాడు. దాంతో వాషింగ్టన్‌కీ మనాసస్‌కీ మధ్యలో ఉన్న ఫెయిర్‌ఫాక్స్ ఏ పక్షమూ గట్టిగా నిలబడని చోటయ్యింది. అప్పుడది పేరుకి కౌంటీ కోర్టున్న ఊరేగానీ ఒక వీధి, ఒక హోటలు, ఒక చర్చి, చుట్టూ పొలాలు, అంతే.

అక్కడ దక్షిణాది వాళ్ళు సుమారు రెండొందల పది మంది ఉన్నారు. రెండు గుర్రపు కంపెనీలు, వాటి దగ్గర తూటాలు దాదాపు లేవు. కాస్త దమ్మున్నది ఒక్క కాలిబలం కంపెనీ, వారెంటన్ రైఫిల్స్, దాని కెప్టెనే మార్. మొత్తానికి పైన కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ రిచర్డ్ ఈవెల్, కొన్ని వారాల ముందు వరకూ అమెరికా సైన్యంలోనే డ్రాగూన్ (గుర్రపు దళం) కెప్టెన్, ఇరవై ఏళ్ళ సర్వీసు. పక్కనే ఇంకొకాయన, సైన్యంలో లేడు, వర్జీనియా మాజీ గవర్నర్ విలియం స్మిత్, వయసు 63. ఈయన్ని ఎక్స్‌ట్రా బిల్లీ అంటారు, ఒకప్పుడు గుర్రబ్బళ్ళ మీద టపా మోసే కాంట్రాక్ట్ తీసుకుని కొత్త కొత్త రూట్లు వేసి ప్రతిదానికీ ఎక్స్‌ట్రా డబ్బులు రాబట్టేవాడని ఆ పేరు.

అటు టాంప్‌కిన్స్ రెండో యూఎస్ కావల్రీ (గుర్రపు దళం) బీ కంపెనీని తీసుకుని మే 31 రాత్రి ఫాల్స్ చర్చ్ వైపు నుంచి బయల్దేరాడు. ఎంతమంది అనేదాంట్లో లెక్కలు కలవవు, యాభై నుంచి ఎనభై చిల్లర దాకా చెప్తారు. ఊరి బయట కాపలా ఉన్నవాళ్ళలో కొందర్ని పట్టుకున్నారు, ఒకడు తప్పించుకుని ఊళ్ళోకి పరిగెత్తి కేక పెట్టాడు. వెనకాలే గుర్రాలు. వీధి పొడుగునా కాల్చుకుంటూ ఆ చివరికి వెళ్ళిపోయారు. తూటాల్లేని గుర్రపు కంపెనీలు చెల్లాచెదురు. మార్ తన కుర్రాళ్ళని చర్చి దగ్గర్లో ఉన్న గడ్డి పొలంలోకి తెచ్చాడు, చీకట్లో వెళ్తున్న గుర్రాల్ని చూసి మీరు ఏ కావల్రీ అని అరిచాడంటారు, అంతే, ఆ తర్వాత ఆయన గొంతు ఎవరికీ వినపడలేదు.

ఈవెల్ హోటల్లోంచి బయటికొచ్చాడు, కాసేపట్లోనే భుజానికి తూటా తగిలింది. వచ్చి రోజులే అయింది కాబట్టి వారెంటన్ కుర్రాళ్ళకి ఆయనెవరో సరిగ్గా తెలీదు, స్మిత్ వాళ్ళకి సొంతూరి పెద్దమనిషి, అందరూ ఎరిగున్నవాడు, స్మిత్ చెప్పాకే ఈవెల్ మాట విన్నారు. వాళ్ళని వీధి పక్కన కంచె వెనక నిలబెట్టారు. ఈవెల్ ఫెయిర్‌ఫాక్స్ స్టేషన్‌కి సాయం కోసం కబురు పెట్టడానికి వెళ్తే (ఇప్పుడు మనం దుర్గ గుడికి వెళ్ళే ఫెయిర్‌ఫాక్స్ స్టేషనే, అప్పుడక్కడ రైలు స్టేషన్), కమాండు స్మిత్ చేతికొచ్చింది. ఒక్కరోజు కూడా సైన్యంలో పని చెయ్యని 63 ఏళ్ళ మనిషి. యూనియన్ గుర్రాలు తిరిగి ఊళ్ళోంచి వెనక్కి పోదామని వచ్చాయి, కంచె వెనక నుంచి కాల్పులు, ఆగి మళ్ళీ వచ్చాయి, మళ్ళీ కాల్పులు, ఇక లాభం లేదని పొలాలకడ్డంపడి ఫ్లింట్ హిల్ వైపు వెళ్ళిపోయాయి.

రెండు వైపులా చనిపోయింది చెరొకరు. తెల్లారాక కెప్టెన్ ఏడీ అని వెతికితే గడ్డిలో పడున్నాడు. స్మిత్ తర్వాత రాసినదాన్ని బట్టి దూరం నుంచి వచ్చి వేగం చచ్చిపోయిన తూటా గుండెల మీద కొట్టింది, వెండి డాలరంత గుండ్రంగా చర్మం కింద నెత్తురు కమిలింది తప్ప ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు వొళ్ళు జలదరిస్తుంది.

మార్ వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో 1846 బ్యాచ్‌లో రెండో ర్యాంకు, అక్కడే కొన్నాళ్ళు లెక్కలు చెప్పాడు, తండ్రి పోయాక ఇల్లు చూసుకోడానికి వారెంటన్ వచ్చేశాడు. ఇంకోటి, మే మొదట్లోనే గవర్నర్ ఆయన్ని లెఫ్టినెంట్ కర్నల్ చేశాడు, ఆ ఉత్తరం ఎటో పోయి ఆయనకి అందనేలేదు. అందుంటే ఆ రాత్రి ఆ పొలంలో ఉండేవాడు కాదేమో.

పాత_రికార్డులు:
వారెంటన్ గారు చెప్పినదానికి మెడల్ సంగతి కలుపుతా, అసలు ప్రశ్న అదే కదా.

టాంప్‌కిన్స్‌కి మెడల్ వచ్చిన సంవత్సరం చూడండి, 1893. పోరాటం 1861. మధ్యలో 32 ఏళ్ళు. అసలు ఆ కాల్పులప్పుడు సైన్యానికి ఈ మెడల్ అనేదే లేదు, 1862లో పెట్టారు. 1890ల్లో పాత సైనికులు చాలామంది మా ఫలానా పనికి గుర్తింపు ఇవ్వండి అని అర్జీలు పెట్టుకున్నారు, అప్పుడిచ్చినవాటిలో ఇదొకటి. అప్పటికి మార్ పేరు దక్షిణాదిలో మొదట చనిపోయిన ఆఫీసర్‌గా బాగా తెలిసిపోయింది. కెప్టెన్‌ని కాల్చాడు అనే వాక్యం నాకు ఆ తర్వాత తెలిసిన సంగతిని వెనక్కి తీసుకెళ్ళి ఆ రాత్రికి అతికించినట్టు కనిపిస్తుంది. ఆయన అబద్ధం చెప్పాడు అనట్లేదు. ఒక సైనికుడి కార్బైన్ తీసుకుని ఎవరినో కాల్చుండొచ్చు, ఆ ఎవరో పడిపోయి ఉండొచ్చు. కానీ వేగం చచ్చిన తూటా అంటే చాలా దూరం నుంచి వచ్చినది, లేదా మధ్యలో దేనికో తగిలి వచ్చినది. ఎదురెదురుగా గురిపెట్టి కొట్టిన దెబ్బ అయితే అలా ఉండదు. చర్మం కూడా తెగలేదు అన్న ఒక్క మాట చాలు నాకు.

ఇంకా ఆ రోజు టాంప్‌కిన్స్ రాసిన రిపోర్టే చూడండి. ఎదుట వెయ్యికి పైగా ఉన్నారన్నాడు, ఉన్నది రెండొందల పది. ఇరవై పాతిక మంది శత్రువులు పడ్డారన్నాడు, చనిపోయింది ఒక్కడు, గాయపడింది ఇద్దరు. దీన్ని కావాలని పెంచాడు అనను, రాత్రి మూడింటికి కంచె వెనక నుంచి ఒకేసారి తుపాకులు పేలితే ఎవరికైనా వెయ్యి మందే అనిపిస్తారు. అతని గుర్రాలే రెండు కూలాయి, ఒకటి కాలి మీద పడింది. కానీ ఆ అంకె పైకి వెళ్ళింది, పైవాళ్ళు అదే నమ్మారు.

ఇదీ ఈ చిన్న పోరాటం విలువ నా దృష్టిలో. ఆయన్ని పంపింది వెళ్ళి చూసి రమ్మని, ఊళ్ళోకి జొరబడి కొట్లాడమని కాదు. యూనియన్ జనరల్ మెక్‌డోవెల్ దీని మీద రాసిన మాట భలే ఉంటుంది, ఒకపక్క మన రెగ్యులర్ కావల్రీకి వలంటీర్ల ముందు పేరొచ్చింది అంటాడు, ఇంకోపక్క అనుమతి లేకుండా చేశాడు, ఇంతకంటే ముఖ్యమైన కదలిక దీనివల్ల చెడింది అంటాడు. పత్రికలేమో వీరుణ్ణి చేశాయి. ఒక ఆఫీసర్‌ని మెచ్చుకోవాలా మందలించాలా తేలని పరిస్థితి, యుద్ధం మొదలై ఇంకా రెండు నెలలు కూడా కాలేదు.

కరీంనగర్_టు_హెర్న్‌డన్:
అన్నలూ మంచిగ చెప్పిన్రు. కానీ ఒక మాట నేను చెప్పాలె, పాప ప్రాజెక్ట్‌ల ఇది కూడా ఉంటె మంచిగుంటది. ఇద్దరు చనిపోయిన్రు, ఎవడు కాల్చిండు, మెడల్ కరెక్టా కాదా, ఇదంత సరే. అసలు వర్జీనియా ఎందుకు విడిపోయింది అన్నది కూడా రావాలె కద. వారెంటన్ రైఫిల్స్ ఎప్పుడు పుట్టింది? బానిసత్వం వద్దన్న జాన్ బ్రౌన్ 1859ల సర్కారు ఆయుధాలుండే హార్పర్స్ ఫెర్రీ మీద పడి బానిసల్ని లేపుదామని చూసినంక, ఆ భయంతోని ఊరూరా పెట్టుకున్న కంపెనీలల్ల ఇదొకటి. మార్ ఒట్టి లెక్కల సారు కాదు, విడిపోవాల్నా వద్దా అని రిచ్‌మండ్‌ల కూసున్న కన్వెన్షన్‌ల సభ్యుడు.

ఇంకోటి చూడున్రి. టాంప్‌కిన్స్ పుట్టింది యాడనో తెలుసా? వర్జీనియాలనే, ఫోర్ట్ మన్రోల, వాళ్ళ నాయన కూడ సైన్యంల ఆఫీసరు. ఫెయిర్‌ఫాక్స్‌ల కాల్పులకు వారం మీద ఒకట్రెండు దినాల ముందు, ఆ ఫోర్ట్ మన్రోకే ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవల పారిపోయి వచ్చిన్రు, ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్. వాళ్ళ యజమాని మనిషిని పంపి నా ఆస్తి నాకియ్యిన్రి అంటే అక్కడి యూనియన్ జనరల్ బట్లర్ ఇయ్యనన్నడు. తర్వాత వేలమంది అట్లనే వచ్చిన్రు. నాకైతే ఆ దినాలల్ల జరిగిన పెద్ద సంగతి ఇదే, ఫెయిర్‌ఫాక్స్‌ల జరిగింది కాదు. తుపాకీ పేలలే, ఎవరు చావలే, గందుకే దానికి వెంటనే రాయి పెట్టలే.

మార్‌కు మాత్రం 1904 జూన్ 1న కోర్టు ముంగట రాయి పెట్టిన్రు. 2020ల కౌంటీ వాళ్ళు దాన్ని తీసేసిన్రు. తీసినప్పుడు నా ఆఫీసుల దోస్తులు కొందరు చరిత్రను చెరిపేస్తున్నరు అని బాధపడిన్రు, నేను వాళ్ళతోని గంటసేపు మాట్లాడిన. న్యాయం కోసం మెట్లెక్కే నల్లోళ్ళు ఆ రాయి పక్కపొంటి నడిచి లోపలికి పోవాలె, నూటపదహారేండ్లు గట్లనే నడిచిన్రు. చరిత్ర పుస్తకంల ఉంటది, మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నం కద, యాడికి పోయింది?

వారెంటన్_రోడ్డు:
కరీంనగర్ అన్నా, ఒప్పుకుంటా, నేను ఆఫీసర్ల కథలో పడిపోయి అది వదిలేశాను. రాయి తీసెయ్యడం విషయంలో నాకు మొదట్లో కొంచెం కష్టంగానే అనిపించింది, ఎందుకంటే పుస్తకాల్లో చదివిన చోటుని కాళ్ళతో వెళ్ళి చూడ్డం నాకు అలవాటు. కానీ మీరు చెప్పిన మెట్ల మాట ఆలోచిస్తే కోర్టు వాకిలి దానికి తగిన చోటు కాదు.

ఆ రాయి మీద ఒక విచిత్రం ఉండేది, అది చెప్తా. మార్ ఇక్కడ పడ్డాడు అని రాయలేదు దానిమీద. ఇక్కడికి 800 అడుగుల దూరంలో, దక్షిణం నుంచి పడమరకి 46 డిగ్రీలు, మాగ్నెటిక్, అని సర్వేయర్ రాసినట్టు రాసుంది. రాయి ఉన్నప్పుడు ఒక ఆదివారం నేను ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని 226 డిగ్రీలకి తిప్పుకుని అడుగులు లెక్కేసుకుంటూ నడిచాను. రోడ్డు దాటాలి, బిల్డింగులు అడ్డొస్తాయి, చుట్టూ తిరిగి మళ్ళీ లైన్లోకి రావాలి. గడ్డి లేదు, పొలం లేదు. చివరికి నిలబడ్డచోట ఒకావిడ కారులోంచి కిరాణా సంచులు దించుకుంటోంది, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగింది, చెప్తే సంచులు కింద పెట్టి రెండు నిమిషాలు నాతోపాటు నిలబడి చూసింది.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మాగ్నెటిక్ ఉత్తరం స్థిరంగా ఉండదు కదా, 1904లో కంపాస్ చూపించిన దిక్కూ ఇప్పుడు చూపించే దిక్కూ ఒకటి కాదు, కొన్ని డిగ్రీలు జరిగింది. 800 అడుగుల దూరంలో ఒక్క డిగ్రీ తేడాకి సుమారు 14 అడుగులు పక్కకి పోతాం. అంటే నేను నిలబడింది ఆ చోటు కానే కాదు. మీ అమ్మాయికి ఇది మంచి లెక్క, అప్పటి డెక్లినేషన్ (కంపాస్ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా) పట్టుకుని సరిచేసి మ్యాప్ మీద గుర్తుపెడితే ప్రాజెక్ట్‌లో ఇంకెవరూ అలాంటిది పెట్టరు. మార్ లెక్కలు చెప్పినవాడు కాబట్టి ఇంకా బాగుంటుంది.

ఓక్టన్_వాసి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు. అమ్మాయితో కూర్చుని మొత్తం చదివాం, మధ్యమధ్యలో నేను ఇంగ్లీషులో చెప్పాల్సొచ్చింది, కరీంనగర్ అన్న మాటలు మాత్రం మా ఆవిడ చదివి వినిపించింది, వాళ్ళది జగిత్యాల. పారిపోయి వచ్చిన ఆ ముగ్గురి పేర్లు అమ్మాయి అప్పటికప్పుడు రాసుకుంది. ఇప్పుడు తనకి ఇంకో ప్రశ్న. మార్ సరే, ఈవెల్, స్మిత్, టాంప్‌కిన్స్ తర్వాత ఏమయ్యారు అని.

పాత_రికార్డులు:
ఈవెల్ భుజం గాయం నుంచి కోలుకుని పెద్ద జనరల్ అయ్యాడు. 1862 ఆగస్టు 28న మనాసస్ దగ్గర గ్రోవ్‌టన్‌లో మోకాలికి తగిలి కాలు తీసేశారు, చెక్క కాలుతో మళ్ళీ వచ్చాడు. గెటిస్‌బర్గ్ యుద్ధంలో మొదటి రోజు సాయంత్రం సిమెట్రీ హిల్ మీదకి ఎందుకు వెళ్ళలేదు అని ఈ రోజుకీ వాదిస్తున్నారు, అది వేరే థ్రెడ్ పెట్టుకోవాలి. 1865 ఏప్రిల్ 6న సెయిలర్స్ క్రీక్‌లో పట్టుబడ్డాడు, 1872లో పోయాడు.

స్మిత్‌కి ఆ రాత్రి రుచి తగిలింది. వెంటనే కర్నల్ కమిషన్ అడిగి తీసుకుని 49వ వర్జీనియా దళాన్ని నడిపాడు, యాంటీటమ్ యుద్ధంలో ఒకే రోజు మూడు తూటాలు తిన్నాడు, జనరల్ అయ్యాడు, 1864లో మళ్ళీ గవర్నర్. కంచె వెనక నిలబడిన అనుభవం తప్ప వేరే సైనిక శిక్షణ లేదు ఆయనకి.

టాంప్‌కిన్స్ మాత్రం యుద్ధంలో పెద్ద పేరు తెచ్చుకోలేదు. కొన్ని నెలలు ఒకటో వెర్మాంట్ కావల్రీకి కర్నల్, తర్వాత ఎక్కువగా సరఫరాల విభాగంలో. కానీ 1865లో లింకన్ హత్య కేసు విచారించిన మిలిటరీ కమిషన్ సభ్యుల్లో ఆయనొకడు. 1915లో పోయాడు.

1915 అంటే ఇంకోటి గుర్తొచ్చింది, ఫెయిర్‌ఫాక్స్ కోర్టులో జార్జ్ వాషింగ్టన్ వీలునామా ఉంటుంది, ఆయన భార్య మార్తా వీలునామాని యుద్ధంలో ఎవరో పట్టుకుపోతే ఆ ఏడే వెనక్కొచ్చింది. మార్ కథతో సంబంధం లేదు గానీ ఆ కోర్టు ఎన్ని చూసిందో పాపకి తెలుస్తుంది.

కరీంనగర్_టు_హెర్న్‌డన్:
అన్నా, ఆక్స్ హిల్ యుద్ధం జరిగిన పార్కు కూడ చూపియ్యిన్రి పాపకు. ఫెయిర్ ఓక్స్ మాల్ పక్కకే, అయిదెకరాలు గూడ ఉండదు, చుట్టు టౌన్‌హౌసులు. 1862 సెప్టెంబర్ 1న ఉరుములు మెరుపుల వానల యూనియన్ జనరల్స్ ఇద్దరు చచ్చిపోయిన్రు అక్కడ, స్టీవెన్స్, కెర్నీ. మా పిల్లలు అక్కడ సైకిల్ నేర్చుకున్నరు, చాన్నాళ్ళు నాకు తెల్వనే తెల్వదు.

ఓక్టన్_వాసి:
ఈ శనివారం ఉదయం పది గంటలకి పాత కోర్టు దగ్గరికి అమ్మాయిని తీసుకొస్తున్నా. కంపాస్ కొన్నాం, ఫోన్‌ది వద్దంది. 1904 డెక్లినేషన్ తనే వెతికి సరిచేస్తోంది, రాయి ఉన్నచోటు మాత్రం ఎవరైనా వచ్చి చూపించాలి. వారెంటన్ గారూ, వీలవుతుందా?

వారెంటన్_రోడ్డు:
తప్పకుండా వస్తా. పొడవు టేపు నా దగ్గరుంది, తెస్తాను.